తెలియదన్న మాట నీడలో

పెనుకొండ కొండ కంటికి ఆనేంత దూరంలో ఒక పల్లె. వేసవి మొదట్లో ఒక రాత్రి అక్కడ బోరు వేస్తుంటే చూడ్డానికి వెళ్లాను. చేలో రిగ్గు లారీ ఒకటి, కంప్రెషర్ లారీ ఒకటి. రాడ్డు దిగేకొద్దీ పైకి ఎగజిమ్మే దుమ్ము రంగు మారుతూ వచ్చింది. మొదట ఎరుపు, తరవాత పసుపు, ఆపైన బూడిద రంగు. బూడిద రంగు మొదలయ్యాక మాటలు తగ్గిపోయాయి. బండ తగిలిందని అందరికీ తెలుసు. రైతు ఆ పొడిని పిడికిట్లోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, చెమ్మ ఉందేమో చూసి పారేస్తున్నాడు. రెండు నిమిషాలకు మళ్లీ వంగుతున్నాడు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. వేరే పని లేక నేను రాడ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆ చోటు ఎంచింది ఇద్దరు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచి, అది నిలువుగా లేచిన చోట రాయి పెట్టించాడట. ఇంకొకాయన భూగర్భ శాస్త్రం చదువుకున్నవాడు. నాలుగు ఇనుప మేకులు, వైరు చుట్టలు, ఒక మీటరు తెచ్చి సగం పూట కొలతలు తీసుకున్నాడట. ఇద్దరి గుర్తుల మధ్య పదిహేను అడుగుల ఎడం కూడా లేదు. "మీకు ఎవరి మీద గురి?" అని అడిగాను. "ఇద్దర్లో ఎవరి మీదా లేదు సార్. ఇద్దరూ ఒకే పక్క చూపినారు కదా, నాకు కావాల్సింది అదే" అన్నాడు.

ఈ జవాబును మనం తేలిగ్గా తీసిపారేయలేం. టెంకాయను పరీక్షించాలంటే అది లేచిన చోట బోరు వేస్తే చాలదు, లేవని చోట కూడా వేసి చూడాలి. అప్పు తెచ్చి బోరు వేసేవాడు ఆ పరీక్ష ఎందుకు చేస్తాడు? కనుక లేవని చోట ఏముందో ఎవరికీ తెలియదు, లేచిన చోట నీళ్లు పడితే ఆ మాట మాత్రం ఊరంతా పాకుతుంది. అలాగని పాత తెలివినంతా ఒకే గంపలో వేయడమూ సరికాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమి లోపలి నీటి జాడల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున, ఎంత లోతున నీరుంటుందో అందులో చెప్పాడు. చెమ్మకూ చెదలకూ, చెట్టు వేళ్లకూ ఉన్న సంబంధం కళ్లారా చూడగలిగినదే. అందులో ఎంత పరిశీలన, ఎంత అలవాటు అన్నది ఒక్కొక్కటిగా విడదీసి చూడాల్సిన పని. శాస్త్రం చదువుకున్నాయనకూ చిక్కు లేకపోలేదు. ఆయన నూటికి ఇంత అవకాశం అని చెబుతాడు. రైతు నూటికి అరవై పాళ్లు బోరు వేయలేడు. వేస్తే మొత్తం వేయాలి, లేదా మానుకోవాలి. టెంకాయ మనిషి అమ్మేది నీటి జాడ ఒక్కటే కాదనీ, రేపు ఎండితే నింద పంచుకోవడానికి ఒక తోడనీ నాకు ఆ రాత్రి అనిపించింది.

నేలలోంచి కరెంటు నడుస్తుందన్న సంగతి పల్లెకు కొత్తేమీ కాదు. ఎండాకాలంలో మోటారు సరిగా తిరగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగు గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి బిందెడు నీళ్లు పోసిరావడం ఏ రైతునడిగినా చెబుతాడు. తెగిపడ్డ తీగ దగ్గర మనిషి బతికి బయటపడిన చోట ఎద్దు చచ్చిపోవడమూ విన్నాం. ఎద్దు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరం మేర నేలలో ఉన్న వోల్టేజీ తేడా దాని గుండె మీదుగా పోతుంది. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని వేరే దారిలో పట్టుకున్నారు. 1838లో మ్యూనిక్‌లో స్టైన్‌హైల్ టెలిగ్రాఫుకు రెండో తీగ అక్కర్లేదనీ, తిరుగు ప్రయాణం నేలే చూసుకుంటుందనీ కనిపెట్టాడు. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో టెస్లా ఇంకా ముందుకుపోయి, భూగోళం మొత్తాన్నే ఒక తీగలా వాడి ఎక్కడికైనా శక్తిని పంపవచ్చని నమ్మాడు. ఆ నమ్మకంతో లాంగ్ ఐలండ్‌లో కట్టిన గోపురాన్ని 1917లో పడగొట్టారు. దాదాపు అదే కాలంలో, 1912 నుంచి, ఫ్రాన్స్‌లో కొన్రాడ్ ష్లంబర్జర్ ఇంత ఆశ పెట్టుకోకుండా ఒక చిన్న పని మొదలుపెట్టాడు. రెండు మేకుల ద్వారా నేలలోకి కరెంటు పంపి, దానివల్ల నేలలో ఏర్పడే వోల్టేజీ తేడాను కొలిచి, కింద ఏముందో ఊహించడం. పెనుకొండ చేలో దిగిన నాలుగు మేకులు ఆ వంశానివే. టెస్లా గొప్పవాడు. కానీ రైతుకు పనికొచ్చింది మాత్రం తన యంత్రం ఎంత చేయగలదో హద్దు తెలిసినవాడి పని.

ఇప్పుడు ఇంజనీర్లు ఇంకో మెట్టు దిగాలని చూస్తున్నారు. మేకులతో ఒకసారి కొలిచి వెళ్లిపోకుండా, కొలిచే పరికరాన్నే నేలలో పాతిపెట్టి, తడి ఎంత, ఉప్పు ఎంత, నీటిమట్టం ఎక్కడ అని రోజూ దాన్ని అడగాలి. వైరు వేస్తే నాగలికి తెగుతుంది, ఎలుక కొరుకుతుంది. బ్యాటరీ పెడితే కొన్నేళ్లకు అయిపోతుంది, మార్చాలంటే మళ్లీ తవ్వాలి. అందుకే శక్తినీ మాటనూ రెండింటినీ మట్టిలోంచే పంపాలన్న ఆలోచన. తీగచుట్టలో పుట్టించిన అయస్కాంత క్షేత్రంతో పంపవచ్చు, మేకుల మధ్య పారే కరెంటుతోనూ పంపవచ్చు. ఏ దారిన వెళ్లినా ప్రకృతి వసూలు చేసే సుంకం భారీగానే ఉంటుంది. చుట్ట పరిమాణాన్నో, మేకుల మధ్య ఎడాన్నో దాటి బాగా దూరం పోయాక, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందే శక్తి అరవై నాలుగో వంతు. పైగా మట్టే సంకేతాన్ని మింగుతుంది. ఒక మోస్తరు తడి నేలలో సెకనుకు పదివేల కంపనాల సంకేతం యాభై మీటర్లు పోయేసరికి మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. కంపనాలు వెయ్యికి తగ్గిస్తే అదే స్థితికి రావడానికి నూట అరవై మీటర్లు పడుతుంది, కానీ అంత మెల్లని సంకేతం మోయగలిగే మాటలు కొద్ది. ఫోన్లు వాడే తరంగాలైతే తడి మట్టిలో మూరెడు దాటడమే గగనం. కనుక పాతిపెట్టిన పరికరం పైనుంచి వచ్చే కాస్త శక్తిని గంటల తరబడి బొట్టుబొట్టుగా కూడబెట్టుకుని, రెప్పపాటులో ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మనం వెతికేది తడిని. ఆ తడే మేకులకు పట్టునిస్తుంది, ఆ తడే సంకేతాన్నీ తాగేస్తుంది. ఎండిన నేలలో మాట దూరం పోతుంది, చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు.

ఆరేడు వందల అడుగుల బోరు అడుగుకు ఇలా నేల మీదుగా శక్తి పంపడం అయ్యే పని కాదు. అక్కడ గొట్టంలోంచి తీగ దించాల్సిందే. రాష్ట్ర భూగర్భ జల శాఖ వెయ్యికి పైగా పరిశీలక బావుల్లో చేసింది ఇదే. పీజోమీటరు అనే ఆ సన్నని బోరులో పరికరం నీటిమట్టాన్ని తనంతట తాను కొలిచి మొబైల్ నెట్‌వర్కు మీద అంకె పంపుతుంది. మట్టిలోంచి నడిచే శక్తి, మాట పనికొచ్చేది పై పొరల్లోనే. చెనిక్కాయ వేరు దిగే లోతులోనూ, చెరువు కట్ట గర్భంలోనూ, పూడిన కాలువ కిందా అది చాలు. ఇంత కష్టపడి నేలచేత మాట్లాడిస్తే దానివల్ల మనలో ఏం మారుతుందన్నదే నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న.

మన చట్టం నేల కింది నీటిని ఒక రకంగా మన తెలియనితనం మీద కట్టింది. 1843లో ఇంగ్లండులో ఒక దావా నడిచింది. లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని బావి, పక్కవాళ్లు బొగ్గు కోసం గనులు తవ్వడంతో ఎండిపోయింది. పైన పారే ఏరు అందరి కళ్లకూ కనబడుతుంది గనుక ఇరుగుపొరుగుల మధ్య హక్కు పుడుతుంది. నేల కింద నీరు ఎటు పోతోందో ఎవరికీ తెలియదు గనుక ఒకరి మీద ఒకరికి అలాంటి హక్కు ఉండదు అన్న ధోరణిలో తీర్పు వచ్చింది. ఆ ఆలోచనే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోకి నడిచొచ్చింది. నిర్ణీతమైన కాలువగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో ఎంతైనా తోడుకోవడం భూయజమాని హక్కు. (బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే. పుట్టుకతోనే ఈ హక్కును వెంట తెచ్చుకున్నట్టయింది.) 2002లో మన రాష్ట్రం వాల్టా చట్టం తెచ్చి, తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బావి వద్దనీ, బావులు నమోదు చేయాలనీ కట్టుబాట్లు పెట్టింది. అయినా పల్లెలో నడిచే న్యాయం పాతదే. నా చేను, నా బోరు, నా అదృష్టం.

ఇప్పుడు ఆ హక్కు కింద ఉన్న పునాదిని పరీక్షిద్దాం. తెలియదు గనుక తప్పు లేదు అన్నారు. మరి తెలిస్తే?

ఒక లెక్క వేసి చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాతి నేలలో అందులో పదో వంతు ఇంకుతుందనుకుంటే 55 మిల్లీమీటర్లు. బోరు కింద వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీరు పడుతుంది. అంటే ఒక ఎకరా వరి ఇరవై ఎకరాల ఇంకుడును తాగుతోంది. మడిలోంచి కొంత తిరిగి కిందికి పోతుంది గనుక ఉదారంగా పదిహేను ఎకరాలనే అందాం. ఆ మిగతా పద్నాలుగు ఎకరాలు ఎవరివి? ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడి మెత్తబడిన గ్రానైటు పొర తన ఘనపరిమాణంలో నూటికి రెండు మూడు పాళ్ల నీరే వదులుతుంది. కాబట్టి చేను మీద రెండు మూడు సెంటీమీటర్ల నీరు నిలిచేంత తోడితే చాలు, కింద మట్టం ఒక మీటరు పడుతుంది. పైన చిన్నగా కనిపించే పని కింద పెద్దది. ఈ లెక్క ఎవరి చెంపా పగలగొట్టదు. కానీ ఒకసారి విన్నాక విననట్టు ఉండటం కష్టం.

క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త 1877లో ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతబడిందని అతనికి అనుమానం వస్తుంది. ఇన్ని ప్రయాణాలు చేసింది, దేవుడే చూసుకుంటాడని మనసుకు నచ్చజెప్పుకుని ప్రయాణికులను పంపిస్తాడు. ఓడ మునుగుతుంది. నిజాయితీగానే నమ్మాడు కదా అంటే సరిపోదంటాడు క్లిఫర్డ్, ఆ నమ్మకం అతను సంపాదించుకున్నది కాదు, అనుమానాన్ని నొక్కిపెట్టగా మిగిలింది. నాకు ఈ వాదం నచ్చుతుంది, అయినా పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఓడ యజమాని దగ్గర మరమ్మతుకు డబ్బుంది. మూడు బోర్లు ఎండి నాలుగోదానికి వడ్డీకి తెచ్చినవాడి దగ్గర ఏముంది? తెలుసుకోవాల్సినదాన్ని తెలుసుకోకుండా వదిలేయడమూ, తెలుసుకోవడానికి చేతిలో ఏమీ లేకపోవడమూ ఒకటి కావు. మనం వేలు ముందు ఎవరివైపు చూపుతున్నామన్నది గమనించాలి.

తెలిసిన నీటితో ఈ సీమకు వేరే అనుభవం ఉంది. 1388 నాటి శాసనం ఒకటి, పెనుకొండకు పెన్నేటి నీరు తెమ్మని విజయనగర రాచకుమారుడు బుక్కరాయలు సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుణ్ణి ఆజ్ఞాపించాడని చెబుతుంది. నీటికి ఒక పేరున్న బాధ్యుడున్నాడు, ఆ సంగతి రాతి మీద చెక్కారు. చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో పని. ఆ ఏర్పాటులో అన్యాయం లేదనను. ఎవరి పొలం ముందు, ఎవరి కులం ఎక్కడ అన్నది నీళ్ల వరసలో కనిపిస్తూనే ఉండేది. అయితే చెరువు ఎంత తరిగిందో కట్ట మీద నిలబడ్డ పిల్లవాడికి కూడా తెలిసేది, ఎదిరించేవాడికి చూపించడానికి ఒక గుర్తు ఉండేది. బోరు వచ్చి నీటిని చీకట్లోకి తీసుకుపోయింది. అందులో స్వేచ్ఛ ఉంది, నీరుగంటి కాళ్లు పట్టుకోనక్కర్లేదు. ఆ స్వేచ్ఛతోపాటు చూపించడానికి గుర్తు లేకుండానూ పోయింది.

మరి పరికరం ఆ గుర్తును తిరిగి ఇస్తుందా? ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల నుంచి సైనికులు నేలలో మేకులు దించి సందేశాలు పంపేవారు. అవతలి పక్షం తన మేకులు దించి వాటిని దొంగచాటుగా వినేది. వినే పరికరం ఎవరి చేతిలో ఉంటే నేల వాళ్లకే చెబుతుంది. మట్టం ఎక్కడ బాగుందో ముందు తెలిసినవాడు ముందు బోరు వేస్తాడు. పెనుకొండ పక్క ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తోంది. అలాంటి చోట లోపలికొచ్చే ప్రతి బోల్టుకూ లెక్క ఉంటుంది. కంచె బయట ఊళ్ల కింద ఉన్న మొత్తం నీటికి లెక్క అడిగేవాడు అరుదు. హిందూపురంలో బిందెలు వరుసన పెట్టి ట్యాంకరు కోసం చూసిన ఆడవాళ్లకు నీటి ధర తెలుసు, అది ఏ బోరులోంచి వచ్చిందో, ఆ బోరు పక్కన ఎవరి బోరు ఎండిందో తెలుసుకునే వీల్లేదు. అంకె పుట్టడం ఒక సంగతి, అది ఎవరి గోడ మీద రాస్తారన్నది వేరే సంగతి.

గోడ మీద రాసిన అనుభవం మన దగ్గరే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2003 తర్వాత కొన్నేళ్లపాటు, అనంతపురంతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఆడా మగా కలిసి బోర్లలోకి కొలటేపు దించేవారు. టేపు కొస నీటిని తాకగానే కరెంటు దారి మూసుకుని పైన బజర్ మోగుతుంది. ఆ అంకె ఊరి మధ్య బోర్డు మీదికి ఎక్కేది. రబీకి ముందు అందరూ కూర్చుని, కింద ఇంత ఉంది, మనం వేయాలనుకున్న పంటలకు ఇంత కావాలి అని లెక్క చెప్పుకునేవారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆజ్ఞ వేయలేదు, జరిమానా లేదు. ఇంటికెళ్లి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకునేవారు. చాలాచోట్ల నీళ్లెక్కువ తాగే పంటలు తగ్గాయని ఆ అనుభవాన్ని పరిశీలించినవారు రాశారు. ఎందుకు తగ్గించారు? మనస్సాక్షి అందామా, లేక మధ్యలో పంట ఎండుతుందన్న భయం అందామా? రెండూ కలిసే ఉంటాయి, విడదీయాల్సిన అవసరం కూడా నాకు కనబడదు. తన నష్టాన్ని చూడగలిగినవాడికి పక్కవాడి నష్టం ఒక్క అడుగు దూరమే. ఆ అడుగు వేయడానికి అంకె అందరి ఎదుటా మోగడం ముఖ్యమైంది. ఒక్కడి ఫోనులో మోగి ఉంటే ఏమయ్యేదో మనం ఊహించుకోవచ్చు.

ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇస్తుందనీ అనుకోకూడదు. ధర్మవరంలో గుంతమగ్గం మీద పట్టుచీర నేసే మనిషి కాళ్లు నేల మట్టానికి దిగువనే ఉంటాయి. గట్టి వానలు పట్టి కింది నీరు పైకి ఉబికితే గుంతలో చెమ్మ ఊరుతుంది. పడుగు తడుస్తుంది, మగ్గం ఆగుతుంది, ఆ రోజులకు కూలి ఉండదు. ఊరవతల రైతు అదే వానకు మొక్కుకుంటాడు. పాదాలతో మట్టం కనిపెట్టే ఆ నేతగాడు కూడా ఒక కొలమానమే. అతని మాట ఏ కంప్యూటరులోనూ చేరలేదు. "నీరు పెరిగింది" అన్న వార్త మంచిదా చెడ్డదా అంటే ముందు ఎవరి కాళ్ల కింద అని అడగాలి.

ఆ రాత్రి సంగతికి వస్తే, తెల్లవారుజామున నీళ్లు పడ్డాయి. దుమ్ము ఆగిపోయి, బురద చిమ్మి, తరవాత తెల్లగా ఎగసింది. ఒకటిన్నర అంగుళం అన్నాడు రిగ్గువాడు. రైతు ఆ నీటిని దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడు, తడిసిన చొక్కాతో అలాగే నిలబడిపోయాడు. నాకూ సంతోషమేసింది, చెప్పడానికి సిగ్గుపడను. కాసేపటికి గట్టు అవతలి చేను ఆయన, ఇతని పెదనాన్న కొడుకు, కండువా కప్పుకుని వచ్చాడు. అతని బోరు నాలుగు నూర్ల అడుగులదనీ, పోయిన ఏడు నుంచి ఆగాగి పోస్తోందనీ సాయంత్రమే విన్నాను.

"ఎన్ని అడుగులకు పడినాయిరా?" అని అడిగాడాయన.

"నాలుగు నూర్ల ఇరవైకి, అన్నా" అన్నాడు రైతు, గొట్టం వైపు చూస్తూ.

నేను లెక్కపెట్టినవి ముప్పై ఒక్క రాడ్లు.

ఆయన తల ఊపి, నీటిలో వేళ్లు తడిపి కళ్లకద్దుకుని, "బాగుందిలే" అన్నాడు. రైతు ఒకసారి నా వైపు చూశాడు. నేను టార్చి ఆర్పేశాను.